కాలువలో ఎవరూ దిగరు

అణువిద్యుత్ కేంద్రం వాళ్లు లైసెన్సులో మార్పు అడిగారు. ఇదివరకటికన్నా ఎక్కువ కరెంటు తీస్తారట. దానివల్ల బయటికి వదిలే నీళ్లు ఇంకాస్త వేడెక్కుతాయట. అందుకు సర్కారు ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి ముందు పర్యావరణ సమీక్ష జరగాలని చట్టం. ఆ సమీక్ష రాసే ఆఫీసులో నీళ్ల సంగతి చూడ్డానికి ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఏటిగట్టున పరీక్షకు నీళ్లు పట్టే సీసాలతో తిరుగుతుంది కాబట్టి ఊళ్లో ఆమెను నీళ్లమ్మ అనేవాళ్లు. మొదట్లో వెక్కిరింతగానే అన్నారు. తర్వాత అదే పేరై కూర్చుంది.

ఆ రోజు సెక్షను ఆఫీసరు తన గదిలో కూర్చుని నీళ్లమ్మ రాసిన చిత్తుప్రతిని ఎర్రపెన్నుతో కొట్టేస్తున్నాడు. గొంతులో గరగర ఆయనకు ఏడాది పొడుగునా ఉంటుంది. బుగ్గన బిళ్ల పెట్టుకుని మాట్లాడతాడు.

"ఇది తీసెయ్యండి. 'కాలువలో జనం స్నానాలు చేస్తారు' అని రాశారు. ఎవరు చేస్తారు?"

"ఊరంతా చేస్తారు సార్."

"అక్కడ 'దిగరాదు' అని బోర్డుందా, లేదా?"

"ఉంది."

"కంచె?"

"ఉంది. కాపలా కూడా ఉంది. మా చిన్నమామయ్యే."

"మరింకేంటి? దిగకూడని చోట జనం దిగరు. అంతే రాయండి."

ఆ ఆఫీసు పద్ధతే అది. దేన్నైనా వద్దని బోర్డు పెడితే చాలు, కాగితం మీద ఆ పని జరగనట్టే. మెట్ల మలుపులో 'పొగ తాగరాదు' అన్న బోర్డు కిందే సెక్షను ఆఫీసరు రోజూ నిలబడి సిగరెట్టు కాలుస్తాడు. అడిగితే ఈ భవనంలో ఎవరూ పొగ తాగరని కళ్లార్పకుండా చెబుతాడు. దొంగమాట అని ఆయనకు అనిపించదు. బోర్డు ఉంది కదా!

"నేను కళ్లారా చూశాను సార్."

"ఎవరిగా చూశారు? ఆఫీసరుగానా, కోడలిగానా? ఆఫీసరుగా చూస్తే ఆ రోజే కేసు రాయాలి. రాయలేదు. కోడలిగా చూస్తే అది మీ ఇంటి గొడవ. సమీక్షలోకి ఎందుకు లాగుతారు?"

నీళ్లమ్మకు ఒళ్లు మండింది. కానీ ఒళ్లు మండి ప్రయోజనం లేదని తెలిసి, మళ్లీ మొదటినుంచి చెప్పింది. వెచ్చని నీళ్లలో, అడుగు బురదలో, కంటికి కనపడని ఒక పురుగు పెరుగుతుంది. నీళ్లు మింగితే ఏమీ కాదు. ముక్కులోంచి పైకి పోతేనే మెదడుకు ఎక్కుతుంది. ఎక్కితే మనిషి బతికి బట్టకట్టడం దాదాపు లేదు. కాలువ బురదలో అది ఇప్పటికే ఉందని ల్యాబు చెప్పింది. ఇప్పుడున్న వేడికి బద్ధకంగా పడి ఉంది. ఇంకాస్త వేడెక్కితే దానికి పండగే.

"అది అందరికీ వస్తుందా?" అన్నాడాయన.

"లేదు సార్. చాలా అరుదు."

"ఎంత అరుదు? లాటరీ తగిలినంత?"

"ఇంచుమించు అంతే. కానీ రోజూ ఆ టికెట్టు కొంటున్నది నా కూతురు."

సెక్షను ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. మనిషి రాక్షసుడేమీ కాదు. ఆయనకూ మనవలున్నారు. బిళ్లను ఆ బుగ్గనుంచి ఈ బుగ్గకు మార్చి, గొంతు తగ్గించాడు.

"ఒక దారుంది మేడం. బహిరంగ సభ పెడతాం కదా. అక్కడ ఊరివాడు ఎవడైనా లేచి 'మేం కాలువలో దిగుతాం' అని మైకులో చెబితే నేను రాసుకోక తప్పదు. రాసుకున్నాక షరతు పెట్టకా తప్పదు. నీళ్లు చల్లార్చి వదలాలి, నెలనెలా బురద పరీక్ష చెయ్యాలి. ఒక్క నోరు చాలు. తెచ్చుకోండి."

ఒక్క నోరే కదా అనుకుంది నీళ్లమ్మ. ఊరంతా నోళ్లే.

*

కేంద్రంలో యంత్రాలను చల్లార్చిన నీళ్లు ఒక వెడల్పాటి సిమెంటు కాలువలోంచి ఏట్లోకి పోతాయి. ఆ నీళ్లలో అణువిషం లేదు. ఆ మాట కేంద్రం వాళ్లు నిజమే చెప్పారు. ఉన్నదల్లా వేడి. జనానికి కావలసిందీ అదే. ఏడాదిలో సగం చలి ఆ ఊళ్లో. మునిసిపాలిటీ ఈతకొలనుకు కప్పు బీటలు వారితే తాళం వేసి మరిచిపోయారు. మేడల్లో కుళాయిలు వేన్నీళ్లు ఏడుస్తూ వదులుతాయి. ఇటు కాలువ మాత్రం పగలూ రాత్రీ ఆవిర్లు కక్కుతూ, ఎవరినీ పైసా అడగకుండా పారుతూ ఉంటుంది. ఎవరు మాత్రం ఆగుతారు?

అయితే 'కాలువకు వెళ్తున్నా' అని ఊళ్లో ఎవరూ అనరు. 'నడకకు వెళ్తున్నా' అంటారు. కోటు కింద తువ్వాలు దోపుకుని, చంకలో పిల్లల్ని ఎత్తుకుని నడకకు వెళతారు. మాటలొచ్చీ రాని పిల్లలకు కూడా ముందు ఆ మాటే నేర్పుతారు.

సాయంత్రం నీళ్లమ్మ వెళ్లేసరికి చిన్నమామయ్య గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని తాళాలగుత్తి తిప్పుతున్నాడు.

"ఏం అమ్మాయ్, నడకకా?"

"కాదు మామయ్యా. సీసాలకి."

"ఏదైతేనేం, కాళ్లతోనేగా వచ్చావు. పద పద."

లోపల 'దిగరాదు' బోర్డుకు కోట్లు తగిలించి ఉన్నాయి. బోర్డు మీది అక్షరాలు కనపడటం లేదు. ఆవిర్ల మధ్య తలకాయలు గుమ్మడికాయల్లా తేలుతున్నాయి. అత్తగారు మెడదాకా దిగి కళ్లు మూసుకుని ఉంది. కోడలి అడుగుల చప్పుడుకు ఒక కన్ను తెరిచింది.

"వచ్చిందమ్మా ఇనస్పెక్టరు! ఆ మొహమేంటే, పరీక్ష తప్పినట్టు? దిగు, ఒళ్లు నొప్పులన్నీ లాగేస్తాయి."

"అత్తయ్యా, మీరు కూర్చుంటే కూర్చోండి. తల మాత్రం ముంచకండి."

"తల ముంచకుండా స్నానమేంటే, పిల్లికి మల్లే?"

ఆ పక్కన ఈతమాస్టారు. నీళ్లమ్మ మొగుడు. కొలనుకు తాళం పడ్డాక పిల్లల జట్టును కాలువకు మార్చింది అతనే. పాత స్టీలు చెంచాలు గుప్పెడు నీళ్లలోకి విసిరి ఈల ఊదాడు. పిల్లలు బుడుంగున మునిగారు. అడుగున బురద దేవుకుంటూ ఎవరెక్కువ చెంచాలు తెస్తే వాళ్లు గెలిచినట్టు. నీళ్లు నల్లగా కలకబారాయి. ఆ నలుపులోంచి అందరికన్నా ఆఖరున ఒక తల పైకి లేచింది. పళ్ల మధ్య చెంచాలు కరుచుకుని, ముక్కులోంచి నీళ్లు చీదుతూ, నవ్వుతూ. ఊళ్లో అందరూ చేపపిల్ల అని పిలిచే తన కూతురు.

నీళ్లమ్మ సీసాలు గట్టున పెట్టి మొగుణ్ని పిలిచింది.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

"చెప్పు, వినపడుతుంది."

చెప్పింది. ఆఫీసులో చెప్పిందంతా, ఇంట్లో ఎన్నోసార్లు చెప్పిందంతా మళ్లీ చెప్పింది. మాస్టారు ఈలను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ విన్నాడు.

"ఇన్నేళ్లుగా ఒక్కరికైనా వచ్చిందా?"

"రాలేదు. నీళ్లు ఇంకా అంత వేడెక్కలేదు కాబట్టి."

"మరింకేం? వేడెక్కితే మంచిదే. చలికాలం పిల్లలు పళ్లు టకటకలాడించకుండా ఈదుతారు."

ఇతనితో కాదని నీళ్లమ్మ నీళ్లవైపు తిరిగింది. గొంతు పెంచింది.

"అందరూ వినండి. సభలో ఒక్కరంటే ఒక్కరు లేచి 'మేం దిగుతాం' అని చెప్పండి. చాలు. నీళ్లు చల్లార్చి వదిలేలా మా ఆఫీసు షరతు పెడుతుంది. పరీక్షలు చేయిస్తుంది."

గుమ్మడికాయలన్నీ ఇటు తిరిగాయి. సెలూను తాత గడ్డం దాకా నీళ్లలో ఉండే అడిగాడు. ఊళ్లో సగం తలలు ఆయన చేతికింద పెరిగినవే.

"గేటుకి కొత్త తాళం కూడా వేస్తారు కదమ్మా?"

వెయ్యరు అని ఉంటే సరిపోయేది.

"వెయ్యొచ్చు తాతా."

"చూశారా! నీళ్లమ్మ అబద్ధమాడదు. అదే ఈవిడతో వచ్చిన చిక్కు!"

కాలువంతా గొల్లుమంది. చిన్నమామయ్య ఒక్కడే నవ్వలేదు. తిరిగి వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, పెన్షను గుమ్మం దాకా వచ్చాను. ఎవరు దిగారని అడిగితే ఊరంతా అంటారు. ఎవరు గేటు తీశారని అడిగితే ఒక్కడి పేరే చెప్పాలి. ఆలోచించుకో."

*

సభ బడి హాల్లో జరిగింది. పిల్లలు కూర్చునే కురచ బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. వేదిక మీద సెక్షను ఆఫీసరు, ఆయన పక్కన కేంద్రం ఇంజనీరు, చివర నీళ్లమ్మ.

ఇంజనీరు తెరమీద గీతలు చూపించాడు. నీళ్ల వేడి చూపే నీలంగీత ఇక్కడినుంచి ఇక్కడికి పెరుగుతుంది, అంతే, చెప్పుకోదగ్గ ప్రభావం ఏమీ ఉండదు అన్నాడు. మర్యాదస్తుడు. జనం అడగని ప్రశ్నలకు కూడా ఓపిగ్గా జవాబులు చెప్పాడు.

నీళ్లమ్మ గీతలు చూడటం లేదు. జనాన్ని చూస్తోంది. అందరి తలలూ తడిగా ఉన్నాయి. డ్యూటీ దిగి, నడకకు వెళ్లి, అటునుంచి అటే సభకు వచ్చారు. హాలు వెచ్చగా ఉండటంతో జుట్టుల్లోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ఆడవాళ్ల జడల కింద బెంచీల మీద చిన్న చిన్న మడుగులు కట్టాయి. వేదిక మీద ఇద్దరూ అది చూస్తూనే ఉన్నారు. చూడకుండా ఎలా ఉంటారు? కళ్లున్నాయిగా!

సెక్షను ఆఫీసరు కాగితం చూసి చదివాడు. "తర్వాతి అంశం. కాలువలో స్నానాలు చేసేవాళ్లు గానీ ఈతకొట్టేవాళ్లు గానీ ఉన్నారా? ఉంటే చెప్పండి. రాసుకుంటాం."

మైకు చేతులు మారింది. సెలూను తాత లేచి, చెవి మీదికి కారుతున్న నీటిబొట్టు తుడుచుకున్నాడు.

"మా ఊళ్లో ఎవరికీ ఈతే రాదండీ."

హాలంతా కిసుక్కున నవ్వింది. ఈతమాస్టారికి దగ్గొచ్చింది.

తర్వాత అత్తగారు లేచింది. నీళ్లమ్మకు ఆశ పుట్టింది. పెద్దావిడ, ఎవరికీ జడిసే మనిషి కాదు. ఎంతైనా మనవరాలంటే ప్రాణం.

"బాబూ, నా మోకాళ్లు చూడండి. ఈ మోకాళ్లతో నేను కాలువలోకి దిగగలనా? మీరే చెప్పండి." ఆ కాలువే లేకపోతే ఆ మోకాళ్లు ఆమెను హాలు దాకా కూడా తెచ్చేవి కావు. "మా కోడలు మంచి పిల్లే. కాస్త ఎక్కువ చదివేసింది. చదివినవాళ్లకి భయాలెక్కువ."

మైకు ఇంకెవరూ అడగలేదు. సెక్షను ఆఫీసరు పేజీ తిప్పబోతున్నాడు. నీళ్లమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. వేదిక దిగి, జనం మధ్యకు వెళ్లి, మైకు లాక్కుంది.

"మేడం, మీ సీటు ఇటుంది."

"తెలుసు సార్. ఇప్పుడు అటు కూర్చుని చెప్పేది కాదు. ఈ ఊరి మనిషిగా చెబుతున్నా. మా ఇంట్లో అందరం కాలువలో దిగుతాం. నా కూతురు రోజూ అడుగుదాకా మునుగుతుంది. రాసుకోండి."

ఇంజనీరు తన చేతిగోళ్లు చూసుకున్నాడు. సెక్షను ఆఫీసరు పెన్ను ఎత్తాడు. నిజంగానే ఎత్తాడు. ఆ ఒక్క క్షణం నీళ్లమ్మ గెలిచేసింది.

"సమీక్ష రాసేవాళ్లే సాక్ష్యం చెబితే చెల్లదు మేడం. ఇంకొకరు బలపరచాలి. మీవారున్నారు కదా?"

ఈతమాస్టారు లేచాడు. పెళ్లాం వైపు చూశాడు, గేటు కాసే బాబాయి వైపు చూశాడు, వెనక వరసలో తడితలలతో కూర్చున్న తన జట్టు వైపు చూశాడు. మళ్లీ కూర్చున్నాడు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. బళ్లో జవాబు తెలిసిన పిల్ల ఎత్తినట్టు, నిటారుగా. చేపపిల్ల. మైకు దాని దాకా వెళ్లింది. జడల కొసల్లోంచి నీళ్లు ఇంకా చుక్కలు చుక్కలుగా రాలుతున్నాయి.

"మేం కాలువకి వెళ్లమండీ," అంది కంఠం ఖంగుమనేలా. "నడకకి వెళ్తాం."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. సెలూను తాత ఆ పిల్ల వీపు తట్టాడు. సెక్షను ఆఫీసరు రాసుకున్నాడు. 'ఒక ఆరోపణ వచ్చింది. ఆరోపించినవారి కుటుంబ సభ్యులే ఖండించారు.' అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఇంటికి వెళ్లే దారిలో కూతురు తల్లి చెయ్యి పట్టుకుని ఊపుతూ నడిచింది.

"అమ్మా, బాగా చెప్పానా?"

ఏమని చెబుతుంది? ఎదురుగా ఉన్న మనిషి మొహంలోకి చూస్తూ తడబడకుండా అబద్ధమాడటం ఆ పిల్లకు ఆ ఊరు నేర్పిన మొదటి మర్యాద. తప్పు చేశావని దాన్నెలా కొడుతుంది?

*

నీళ్లమ్మను ఆ ఫైలు మీదినుంచి తీసేశారు. మురుగుకాల్వల లెక్కలు ఇచ్చారు. ఆమె ఊరుకోలేదు. పైవాళ్లకు రాసింది, వాళ్ల పైవాళ్లకు రాసింది. 'జనం దిగరు కనుక ఆ ప్రశ్న తలెత్తదు' అని అందరూ ఒకే అచ్చులో పోసినట్టు జవాబిచ్చారు. లైసెన్సు మారింది. కరెంటు పెరిగింది. నీళ్లు వేడెక్కాయి.

జనం సంబరం చూడాలి! పక్క ఊళ్లనుంచి కూడా నడకలకు రావడం మొదలెట్టారు. అత్తగారు చేతికర్ర పారేసింది.

కూతుర్ని ఇంట్లో కట్టేద్దామని చూసింది నీళ్లమ్మ. ఈమె ఆఫీసుకు వెళ్లగానే నాయనమ్మ చెయ్యి పట్టుకుని పిల్ల వెళ్లిపోయేది. ముక్కుకు పెట్టుకునే క్లిప్పు కొనిచ్చింది. జట్టులో పిల్లలు బట్టల క్లిప్పని ఏడిపిస్తే అది కాలువ అడుక్కి చేరింది. సాయంత్రం తువ్వాలుతో తల తుడుస్తూ, "తల ముంచావా?" అని అడిగేది. "లేదమ్మా" అనేది పిల్ల. జుట్టు కుదుళ్ల దాకా తడి. కళ్లలో బెరుకు ఇసుమంతైనా ఉండదు. మైకులో విన్న గొంతే.

అందుకని పొద్దున్నే ఒక పని పెట్టుకుంది. ఆ జబ్బు పట్టుకుంటే ముందు జ్వరం, తలనొప్పి వస్తాయి. ఆపైన మెడ కొయ్యలా బిగుసుకుంటుంది. గడ్డం వంచితే ఛాతీకి ఆనదు. ఆనని రోజున ఇక చేసేదేమీ పెద్దగా ఉండదని కూడా నీళ్లమ్మకు తెలుసు. అయినా పిల్ల లేవగానే మంచం పక్కన కూర్చుని, "గడ్డం వంచు, ఛాతీకి ఆనించు" అనేది. పిల్ల నవ్వుతూ వంచేది. ఆనేది. అప్పుడు నీళ్లమ్మ ఊపిరి పీల్చుకుని పొయ్యి వెలిగించేది. అంతకన్నా ఆమె చేతిలో ఏమీ మిగల్లేదు.

ఎండాకాలం వచ్చింది. పైన ఎండ, కింద కేంద్రం, కాలువ పొయ్యి మీది గిన్నెలా పొగలు కక్కుతోంది. ఒక సెలవు పూట మధ్యాహ్నం నీళ్లమ్మ గేటు దాటి గట్టు మీదికి వచ్చి, ఉన్నచోటే ఆగిపోయింది.

పిల్లలు గట్టు మీద వరసగా నిలబడి ఉన్నారు. మొగుడు "గడ్డం!" అని అరిచాడు. అందరూ తలలు వంచి గడ్డాలు ఛాతీకి ఆనించారు. పెళ్లాన్ని చూసి మాస్టారు మురిసిపోయాడు.

"నీ కూతురే నేర్పింది అందరికీ. దూకేముందు మెడకి మంచి కసరత్తట కదా! రోజూ చేయిస్తున్నా."

నీళ్లమ్మ వినడం లేదు. వరస చివర చూస్తోంది. అక్కడ సెలూను తాత మనవరాలు మెడ నిటారుగా పెట్టుకుని, కళ్లు చికిలించుకుని నిలబడి ఉంది.

"మాస్టారూ, నాకు వంగట్లేదు. నొప్పి."

"బద్ధకం పిల్లా! వేన్నీళ్లలో పడితే అదే వదులవుతుంది," అని ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"ఆగండి!" అని అరిచింది నీళ్లమ్మ. చేతిసంచీ ఎక్కడ పడిందో చూసుకోలేదు. పరుగెత్తుకెళ్లి ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద పడి నుదుటి మీద చెయ్యి వేసింది. చెయ్యి చురుక్కుమంది. ఆమె వీపు వెనక ఈల మోగింది. మిగతా పిల్లలందరూ, అందరికన్నా ముందు చేపపిల్ల, తల కిందుగా నీళ్లలోకి దూకారు.